పట్టాలుండగానే ఇంజనుకు దారి చూడాలి

గుంటూరు స్టేషన్లో బ్రాడ్‌గేజ్ పట్టాల పక్కనే మీటర్‌గేజ్ పట్టాలూ ఉన్న రోజులను బ్రాడీపేటలో నాబోటి వయసువాళ్ళు ఇంకా మరచిపోలేదు. మాచర్ల వైపు, గుంతకల్లు వైపు పోయే చిన్న బండ్లను చాలాకాలం ఆవిరి ఇంజన్లే లాగాయి. 1990లలో ఆ మార్గాలు బ్రాడ్‌గేజ్ అయ్యాయి. ఆ మార్పు రావలసిందే. సరుకును ఒక గేజు నుంచి మరొక గేజుకు దించి ఎక్కించే బాధ తప్పింది. కాని ఆ ఇంజన్లు ఏమైపోతాయని పట్టాలు పీకకముందే మనం అడిగి ఉండవలసింది.

ఈ ఆలోచన రావడానికి కారణం, ఈమధ్య అమెరికా కలప కంపెనీల ఇంజన్ల చరిత్ర చదవడం. ఒక అడవిలో చెట్లు అయిపోగానే కంపెనీ తన ఇంజనును మరో కంపెనీకి అమ్మేది. ఎఫ్రాయిమ్ షే రూపొందించగా ఒహాయోలోని లైమా కర్మాగారం 1945 దాకా తయారుచేసిన గేరు ఇంజన్లు ఎన్నో ఇలా చేతులు మారాయి. గేజు కలిస్తే ఇంజను గూడ్సు బండిలో తన చక్రాల మీదే కొత్త యజమానిని చేరేది. లేకుంటే ఫ్లాట్ వ్యాగన్ మీదికి ఎక్కించేవారు.

చల్లారిన ఇంజనును లాగడం చెప్పినంత సులభం కాదు. బాయిలరులోని నీళ్ళు తీసివేయాలి. ఆవిరి లేనప్పుడు సిలిండరుకు నూనె అందదు గనుక, పిస్టను పొడిగా ఆడి అరిగిపోకుండా కనెక్టింగ్ రాడ్లు విప్పాలి. షే ఇంజను పళ్ళచక్రాలు నెమ్మది నడకకు చేసినవి. వాటి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఇరుసుపెట్టెల్లో నూనె నింపి, అవి వేడెక్కాయేమోనని మధ్య మధ్య ఆగి చూసుకుంటూ, తక్కువ వేగంతో తీసుకుపోవాలి.

లైమా చేసిన చివరి షే, వెస్టర్న్ మేరీలాండ్ రైల్వే వారి 6వ నంబరు, కొద్ది ఏళ్ళే పనిచేసి బాల్టిమోర్ రైలు మ్యూజియం చేరింది. 1980ల తొలినాళ్ళలో మరో షేకు మార్పిడిగా, కాస్ అనే పూర్వపు కలప పట్టణానికి వెళ్ళి మళ్ళీ కొండ ఎక్కింది. అడిగే మరో యజమాని ఉండబట్టే అది బతికింది.

మన ఇంజన్లకు యజమాని రైల్వే ఒక్కటే. మీటర్‌గేజ్ వైపీ తరగతి ఇంజన్లు 871 తయారైతే మిగిలినవి కొద్ది మాత్రమే. గుంటూరు నుంచి గుంతకల్లు, హుబ్లీ మీదుగా మార్మగోవా దాకా మీటర్‌గేజ్ ఉన్నన్నాళ్ళు ఇక్కడి ఇంజను అంతదూరమూ పట్టాల మీదే పోగలిగేది. పట్టాల వెడల్పు 1000 మి.మీ. నుంచి 1676 మి.మీ.కు మారాక అదే ఇంజను కదలలేని బరువు. నీలగిరి కొండ రైలు ఇంజనుకూ ఈ చిక్కు ఉంది. మెట్టుపాళయం దాటితే బ్రాడ్‌గేజే గనుక, తిరుచ్చి కర్మాగారానికి మరమ్మతుకు పోవాలంటే దాన్ని మరో వాహనం మోయవలసిందే.

తుక్కుగా అమ్మితే డబ్బు వస్తుంది, ఉంచితే తుప్పు పడుతుంది కదా అనవచ్చు. నిజమే, అన్నిటినీ ఉంచలేము. ఒక్కో మార్గానికి ఒక్క ఇంజను చాలు. అయితే దాన్ని ఎవరికి ఇవ్వాలో, ఎలా చేర్చాలో పట్టాలు పీకకముందే తేల్చాలి. ఆ తరువాత క్రేన్లకూ ట్రైలర్లకూ అయ్యే ఖర్చు చూసి ఎవరైనా వెనకాడతారు.

విద్యుదీకరణ వల్ల ఇప్పుడు డీజిల్ ఇంజన్ల వంతు వచ్చింది. ఈసారి గేజు మారడం లేదు. పట్టాలు ఉన్నాయి, ఇంజన్లూ ఉన్నాయి. ఒక్క డీజిల్ ఇంజనునైనా గుంటూరులో నిలుపుకోవాలని రైల్వే వారిని ఇప్పుడే అడగడం మంచిదని నా అభిప్రాయం. మీ ఊళ్ళో పాత ఇంజను ఏదైనా మిగిలి ఉందా? ఉంటే అది అక్కడికి ఎలా చేరిందో తెలిసినవారు తప్పక రాయండి.