మెడనొప్పికి మాత్ర వేసుకునే ముందు తెర ఎత్తు చూడండి



మొన్న బంధువులను తీసుకుని ఎత్తిపోతల వెళ్ళాను. ఇతర జిల్లాల వారికి ఆ మాట వినగానే మోటార్లతో నీరు తోడే పథకం గుర్తుకు వస్తుంది గాని, మా పల్నాటి వారికి ఎత్తిపోతల అంటే నాగార్జునసాగర్‌కు సుమారు 11 కిలోమీటర్ల దూరంలో, 70 అడుగుల ఎత్తు నుంచి చంద్రవంక నీరు దూకే చోటు. ఎదుటి కొండ మీద నిలబడి అరగంట సేపు చూశాను. మెడ నొప్పి పుట్టలేదు. తల నిటారుగా ఉన్నది, చూపు మాత్రం కొద్దిగా క్రిందికి వాలింది. అదే జలపాతాన్ని మడుగు ఒడ్డున నిలబడి తల వెనక్కి వాల్చి చూడవలసి వస్తే ఐదు నిమిషాలకే మెడ పట్టేస్తుంది. వైద్యవృత్తి వదిలినా వైద్యుని బుద్ధి వదలదు. అంత అందమైన చోట కూడా నాకు గుర్తుకు వచ్చినది ఇద్దరు రోగులు.

మొదటిది మా వీధి అమ్మాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2020లో కరోనా కాలాన ఇంటికి వచ్చి, ఇప్పటికీ ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని చేస్తున్నది. ఒక సాయంత్రం పెద్ద కవరు పట్టుకుని వచ్చి, "తాతగారూ, స్కానింగులో మెడ డిస్కు కొంచెం ఉబ్బిందని రాశారు. ఆపరేషన్ తప్పదంటారా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చేతుల్లో బలం పరీక్షించాను, తిమ్మిరి ఉందేమో అడిగాను, నడిపించి చూశాను. లోపమేమీ కనబడలేదు. "అమ్మా, ముందు నువ్వు పనిచేసే చోటు చూపించు" అన్నాను. భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్, ప్లాస్టిక్ కుర్చీ, రోజుకు తొమ్మిది గంటలు తల వంచిన స్థితి. స్కానింగుకు పెట్టిన డబ్బుతో ఆ బల్లను పదిసార్లు బాగుచేయవచ్చు.

మన తల బరువు సుమారు 5 కిలోలు. వెన్నెముక మీద అది నిటారుగా నిలిచినంత సేపు మెడ కండరాలకు పెద్ద శ్రమ లేదు. ముందుకు వంగిన కొద్దీ, కావడి ఒక వైపుకు జరిగినట్లు, భారం పెరుగుతుంది. న్యూయార్క్‌కు చెందిన వెన్నెముక శస్త్రవైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో దీనికి లెక్క కట్టారు. తల 15 డిగ్రీలు వంగితే మెడ మీద భారం సుమారు 12 కిలోలు, 60 డిగ్రీలు వంగితే సుమారు 27 కిలోలు. ఇది రోగుల మీద కొలిచినది కాదు, గణిత నమూనాతో కట్టిన లెక్క. అయినా ఏ దిక్కుకు పోతే కష్టమో చెప్పడానికి చాలు.

ఆ అమ్మాయి బల్ల మీద ఇటుక మీద ఇటుక పెట్టి, ఆ పైన ఒక పాత పంచాంగం వేసి, దాని మీద ల్యాప్‌టాప్ ఉంచాను. జానెడుకు కొంచెం తక్కువ ఎత్తు. ఇలా ఎత్తిన తరువాత దాని మీదనే టైపు చేస్తే భుజాలు చెవుల దాకా లేస్తాయి కనుక కీబోర్డు, మౌస్ విడిగా కొనిపించాను. అరగంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయమన్నాను, మెడకు నాలుగు తేలిక వ్యాయామాలు చెప్పాను. నెలన్నర తరువాత మాత్రల అవసరం లేకపోయింది. ఇందులో ఇటుకల వాటా ఎంత, వ్యాయామం వాటా ఎంత, ఆపరేషన్ భయం పోయినందువల్ల కలిగిన ఉపశమనం ఎంత అని నన్ను అడగవద్దు. విడదీసి చెప్పలేను.

రెండవ రోగి కథ దీనికి పూర్తిగా తలక్రిందులు. ఒక కార్యాలయంలో ఉద్యోగి, నలభై ఆరేళ్ళు, చత్వారం వచ్చి ప్రోగ్రెసివ్ అద్దాలు వాడుతున్నారు. రెండేళ్ళుగా మెడ వెనుక నుంచి నెత్తి దాకా నొప్పి. ఎక్స్‌రే తీసి "స్పాండిలోసిస్" అన్నారు, పట్టీ వేశారు. తెర కంటికి సమానంగా ఉండాలని ఎవరో వీడియోలో చెప్పగా విని, అప్పటికే సీపీయూ డబ్బా మీద కూర్చున్న మానిటర్‌ను ఇంకో నాలుగు అంగుళాలు లేపారు. నొప్పి రెట్టింపయింది. కారణం చూడగానే తెలుస్తుంది. ఆ అద్దాలలో దగ్గరి వస్తువులను చూసే భాగం అడుగున ఉంటుంది. ఎత్తున ఉన్న తెరను అద్దం అడుగు భాగం గుండా చదవాలంటే గడ్డం పైకెత్తి, తల వెనక్కి వంచక తప్పదు. అంటే పాపం ఆయన రోజుకు ఎనిమిది గంటలు మడుగు ఒడ్డున నిలబడి జలపాతం చూస్తున్నారు. డబ్బా తీసి క్రింద పెట్టించి, తెర పై అంచు కంటికి నాలుగైదు అంగుళాలు దిగువకు వచ్చేటట్లు, పై భాగం కొద్దిగా వెనక్కి వాలేటట్లు చేశాము. కంప్యూటర్ దూరానికి మాత్రమే పనికివచ్చే ఒంటి పవరు అద్దాలు విడిగా చేయించుకుంటే మరీ మంచిదని కూడా చెప్పాను.

అందుకే "తెరను కంటి ఎత్తుకు లేపండి" అని అందరికీ ఒకే మందు రాయడం నాకు సమ్మతం కాదు. ఒకరికి ఎత్తవలసి ఉంటుంది, ఒకరికి దించవలసి ఉంటుంది.

చత్వారం లేని వారికి లెక్క ఇది. కంటి సహజమైన విశ్రాంతి చూపు సమతలం కంటే సుమారు 15 డిగ్రీలు క్రిందికి ఉంటుంది. తెర 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ చూపు కంటి మట్టానికి 16 సెంటీమీటర్ల దిగువన తగులుతుంది. 24 అంగుళాల మానిటర్ తెర ఎత్తు దాదాపు 30 సెంటీమీటర్లు. కాబట్టి పై అంచు కంటికి సమంగా ఉంటే మధ్యభాగం సరిగ్గా చూపు వాలే చోటికి వస్తుంది. కంటికి సమంగా ఉండవలసినది పై అంచు, తెర నడిమి భాగం కాదు. జనం పొరబడేది ఇక్కడే. దూరానికి టేపు అక్కరలేదు. వెనక్కి ఆనుకుని కూర్చుని చేయి చాచితే వేలి కొనలు తెరను తాకీ తాకనట్లు ఉండాలి. అక్కడి నుంచి అక్షరాలు కనబడకపోతే అక్షరాలను పెద్దవి చేసుకోండి గాని మెడ చాచకండి.

తెర ఎత్తుగా ఉంటే మెడకే కాదు, కంటికీ చేటు. పైకి చూసినపుడు రెప్పలు ఎక్కువగా విచ్చుకుంటాయి, కన్నీటి పొర త్వరగా ఆరిపోతుంది. తెర చూస్తున్నపుడు మనం రెప్ప వేయడమే తగ్గిస్తాము. దీనికి మా రెంటచింతల ఎండలు, ముఖానికి ఎదురుగా తిప్పిన కూలరు తోడైతే కళ్ళలో ఇసుక పోసినట్లే ఉంటుంది. నీలికాంతిని ఆపే కళ్ళద్దాలకు డబ్బు పోయకండి. వాటి వల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం కనబడలేదని 2023 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. కూలరు మొహం పక్కకు తిప్పండి, ఖర్చు లేదు.

ఇక కొనే వారికి. మానిటర్ కొనేటపుడు రంగులు, మెరుపు చూస్తారు, స్టాండు చూడరు. చౌక రకాలలో స్టాండు ముందుకూ వెనక్కూ వంగుతుందే తప్ప ఎత్తు మారదు. ఎత్తు మారే స్టాండుకు కొంచెం ఎక్కువ పెట్టడం దండగ కాదు. లేదా చేయి వంటి మౌంటు కొనవచ్చు. అప్పుడు మానిటర్ వెనుక నాలుగు మరల రంధ్రాలు ఉన్నాయో లేదో ముందే చూడండి. దీనిని వేసా కొలత అంటారు. సాధారణంగా 100 మిల్లీమీటర్ల చదరం, కొన్నింటికి 75. కొన్ని చౌక మానిటర్లకు ఈ రంధ్రాలే ఉండవు. గ్యాస్ స్ప్రింగు మౌంటుకు గరిష్ఠ బరువే కాదు, కనిష్ఠ బరువు కూడా ఉంటుంది. మరీ తేలిక తెర పెడితే అది తనంతట తాను పైకి లేస్తుంది.

మా ప్రాంతం వారికి ప్రత్యేకంగా ఒక మాట. మన ఇళ్ళలో గట్లు, బల్లలు నాపరాతివి. మౌంటు పట్టు అంతా అంచు మీద ఒక్క చోటే పడుతుంది. పలుచని నాపరాయి అంచుకు మర బిగిస్తే పగులు వస్తుంది, గాజు బల్ల సంగతి చెప్పనే అక్కరలేదు. చెక్కబల్లకు బిగించండి, లేదా గోడకు. గోడకైతే మాత్రం, ముందు గదిలో టీవీని దేవుని పటాల సరసన తగిలించినట్లు తగిలించకండి. కుర్చీలో కూర్చుని, కంటి మట్టానికి గోడ మీద గీత గీసి, అప్పుడు మేస్త్రీని పిలవండి. బల్ల ఎత్తై కుర్చీ పెంచుకోవలసి వస్తే పాదాల క్రింద పీట వేసుకోండి.

1713లోనే ఇటలీ వైద్యుడు రామజ్జీని వృత్తిరోగాల మీది తన గ్రంథంలో గుమాస్తాల బాధలకు మూడు కారణాలు చెప్పాడు: కదలకుండా కూర్చోవడం, చేతిని ఒకే తీరున ఆడించడం, మనస్సును బిగబట్టడం. తెర లేని కాలం అది. కాబట్టి ఎత్తు సరిచేసుకుని పది గంటలు కదలకుండా కూర్చుంటామంటే కుదరదు.

ఎక్స్‌రేలో ఎముక అరుగుదల నలభై దాటిన వారిలో, నొప్పి లేని వారిలో కూడా చాలా మందికి కనబడుతుంది. ఆ మాటకే బెదిరి నెలల తరబడి పట్టీ వేసుకుంటే కండరాలు బలహీనపడతాయి. అయితే చేతిలో తిమ్మిరి పెరుగుతున్నా, పట్టు జారుతున్నా, నడక తూలుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా, జ్వరంతోనో బరువు తగ్గుతూనో మెడనొప్పి వచ్చినా ఇటుకలతో కాలయాపన చేయకండి. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి.

మా ఇంట్లో కంప్యూటర్ ఒకటే. నాకు ప్రోగ్రెసివ్ అద్దాలు, సెలవులకు వచ్చే మనవడు ఆరడుగుల మనిషి. అందుకే కిందటేడు మౌంటు కొన్నాను. పొద్దున నేను దించుతాను, రాత్రి వాడు లేపుతాడు. "తాతయ్యా, నువ్వు దీన్ని ఎక్కడ పెడతావో నాకు అర్థం కాదు" అంటాడు. చత్వారం వచ్చినపుడు అర్థమవుతుంది లేరా అన్నాను.