దేవుడి డెడ్‌లైన్

లేఆఫ్ అయినవాడితో "దేవుడి సమయం రావాలి బ్రదర్" అనేస్తుంటారు మనవాళ్ళు, వచ్చే నెలలో ఆఫర్ ఖాయమన్నట్టు! (దానికంటే వాడి రెజ్యూమె నలుగురికి పంపితే నయం.) ఆ మాట వింటే నాకు మదర్ తెరెసా గుర్తొస్తారు. ఆవిడ ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చాయి. కలకత్తాలో పేదల మధ్య పని మొదలెట్టినప్పటి నుంచి 1997లో పోయేదాకా, మధ్యలో కొద్ది వారాలు తప్ప, ప్రార్థనలో దేవుడు దగ్గరున్నట్టే అనిపించలేదట. దాదాపు యాభై ఏళ్ళు! "అయితే అంతా నటనేనా?" అన్నవాళ్ళూ ఉన్నారు. నేనొప్పుకోను. ఏమీ అనిపించకపోయినా రోజూ పొద్దున్నే పూజకెళ్ళి, ఆ తర్వాత రోగుల దగ్గరికెళ్ళడం నటనెలా అవుతుందండీ? ఎదురుచూడడమంటే నాకు తెలిసి అదే. 2016లో పోపు ఫ్రాన్సిస్ ఆవిణ్ణి పునీతురాలిగా ప్రకటించింది కూడా, ఆ చీకటి సంగతంతా తెలిసే.