కాగితం మీది... బొమ్మ ఎవరిది?

పాత సినిమా పోస్టరంటే మనవాళ్లకు అదో ముచ్చట. తాతగారి ట్రంకుపెట్టెలోంచి ఎన్టీఆర్‌దో ఏఎన్నార్‌దో పోస్టరొకటి బయటపడితే ఇంటిల్లిపాదీ చుట్టూ మూగుతారు. వెంటనే ఫోన్‌తో ఫొటో తీసి నెట్‌లో పెట్టేస్తారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి ‘ఎవరైనా వాడుకోవచ్చు’ అని కింద రాస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ మాట అనే హక్కు వాళ్లకు లేదు. తాతగారు దాచింది కాగితాన్నే, దానిమీది బొమ్మ హక్కును కాదు. నవల కొన్నంతమాత్రాన దాన్ని అచ్చేసి అమ్ముకోలేం కదా, ఇదీ అంతే!

మరి హక్కు ఎవరిది?

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం మామూలుగా బొమ్మ గీసిన కళాకారుడే తొలి హక్కుదారు. డబ్బిచ్చి గీయించుకున్నదైతే, వేరే ఒప్పందమేదీ లేకపోతే, గీయించుకున్నవారిది. సినిమా పోస్టర్ల విషయంలో ఆ గీయించుకునేది సాధారణంగా నిర్మాత. రిజిస్టర్ చేయించకపోయినా, పోస్టర్ మీద కాపీరైట్ గుర్తు లేకపోయినా హక్కు ఎక్కడికీ పోదు.

‘గోడమీది పోస్టర్ని నేనే ఫొటో తీశాను, అది నాది కాదా?’ అని అడిగేవాళ్లుంటారు. పోస్టరొక్కటే కనిపించేలా తీస్తే అది దానికి నకలే. ఫోన్ మీదే అయినా బొమ్మ మీది కాదు.

ఎన్నేళ్లు?

సినిమాకైతే విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. బొమ్మ లెక్క వేరు. కళాకారుడు బతికున్నంతకాలం, ఆయన పోయిన మరుసటి ఏడాది నుంచి ఇంకో 60 ఏళ్లు. బాపు తీసిన ‘సాక్షి’నే తీసుకోండి. 1967లో వచ్చిన ఆ సినిమాకు గడువు 2027 చివరికి తీరిపోతుంది. ఆ సినిమాతోనే పోస్టర్ల రంగంలో అడుగుపెట్టిన డిజైనర్ ఈశ్వర్ 2021లో కన్నుమూశారు. ఆయన గీసిన బొమ్మలకు 2081 దాకా రక్షణ ఉంటుంది. అంటే సినిమా అందరిదీ అయిపోయాక కూడా దాని పోస్టర్‌కి అనుమతి అడగాల్సి రావచ్చన్నమాట! గీసిందెవరో తెలియని పోస్టర్లకు మాత్రం తొలిసారి వెలువడిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లే.

అసలు వాడుకోకూడదా?

అలాగని చట్టం అన్ని తలుపులూ మూసేయలేదు. సొంతానికి దాచుకోవడం, సినిమా మీద సమీక్షో విమర్శో రాస్తూ న్యాయమైన మేరకు వాడుకోవడం వంటివాటికి మినహాయింపులున్నాయి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో సినిమా వ్యాసం పక్కన చిన్నసైజు పోస్టర్ కనిపించేది ఇలాంటి ‘సముచిత వినియోగం’ కిందే. అదే పోస్టర్ని వికీమీడియా కామన్స్‌లో పెడితే తీసేస్తారు. ఎందుకంటే అక్కడ ఉంచే బొమ్మను ఎవరైనా, వ్యాపారానికైనా సరే, వాడుకునే వీలుండాలి.

అలా వాడుకోనిచ్చేందుకు హక్కుదారులకు పనికొచ్చేవే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు. 2002లో వచ్చాయి. ‘నా పేరు చెప్పి వాడుకోండి’ అన్నది వాటిలో ముఖ్యమైన షరతు. వ్యాపారానికి వద్దనే రకమూ ఉంది కానీ, కామన్స్‌లో అది చెల్లదు. బాలీవుడ్ హంగామా సంస్థ షూటింగుల్లో, వేడుకల్లో తన ఫొటోగ్రాఫర్లు తీసిన ఫొటోలకు ఇలాంటి అనుమతే ఇచ్చింది. వాటివల్ల ఎందరో నటుల వ్యాసాలకు ఫొటోలు దొరికాయి. సినిమా పోస్టర్లకు మాత్రం ఆ అనుమతి వర్తించదు. తనది కానిదాన్ని ఎవరైనా ఎలా ఇస్తారు?

ఇస్తే నిలుస్తాయి

పోస్టర్‌ని అచ్చేసేది సినిమా ఆడే నాలుగు వారాల కోసం. గోడమీదిది వానకి పోతుంది, ఇంట్లోది చెదలకి పోతుంది. ఎన్నో పాత నిర్మాణ సంస్థలు మూతపడ్డాయి. అడుగుదామంటే మనిషే దొరకని పరిస్థితి. చివరి కాగితం కూడా పోయాక హక్కు మిగిలినా, ఎవరికి లాభం?

అందుకే మీ ఇంట్లో పాత పోస్టరుంటే ముందు జాగ్రత్తగా స్కాన్ చేసి దాచండి. సినిమా పేరు, ఏడాది, మూలనున్న కళాకారుడి సంతకం, అచ్చేసిన ప్రెస్సు పేరు రాసిపెట్టండి. రేపు హక్కుదారుని వెతకడానికి ఆ వివరాలే ఆధారం. నెట్‌లో ‘ఫ్రీ’ అని కనిపించిన పోస్టర్ని క్యాలెండర్‌కో టీషర్టుకో వాడేముందు ఆ మాట అన్నదెవరో చూడండి. దాన్ని పెట్టినవారికే హక్కు లేకపోతే, ఇబ్బంది మీకు.

ఒకవేళ మీ నాన్నగారో తాతగారో నిర్మాతో, పోస్టర్లు గీసిన కళాకారుడో అయి, హక్కులు మీకే వచ్చివుంటే మీరు నిజంగానే ‘వాడుకోండి’ అనగలరు. పాత ఒప్పందాలు చూసుకోండి, ఇంట్లో అందరితో మాట్లాడండి. ఎందుకంటే ఒకసారి ఇచ్చిన లైసెన్సును మళ్లీ వెనక్కి తీసుకోలేరు. ఇవ్వదలిస్తే మాత్రం ఆలస్యం చేయకండి, పెట్టెలోని కాగితం ఆగదు.