ఇంటి బడిలోకి కార్పొరేట్ కాలేజీని తేవద్దు

వేసవి సెలవులు మొదలయ్యాయంటే నాకు ఒకే రకమైన ఫోన్లు వస్తుంటాయి. "అన్నా, వచ్చే ఏడాది నుంచి అబ్బాయిని ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నాం. ఏ కరిక్యులమ్ కొనమంటారు? ఎస్ఏటీకి ఇప్పటి నుంచే కోచింగ్ పెట్టించాలా?" అడిగేవారు మా ఫ్రిస్కో, ఇర్వింగ్ వాళ్లు కావచ్చు, న్యూజెర్సీ వాళ్లు కావచ్చు. కారణాలు వేర్వేరు. ఒకరి పిల్లవాడు రోజుకు నాలుగు గంటలు టెన్నిస్ కోర్టులోనే ఉంటాడు. ఒకరి అమ్మాయిని స్కూల్లో తోటిపిల్లలు ఏడిపించారు. మరొకరి కొడుక్కి క్లాసులో ఇప్పుడు చెప్పే లెక్కలు రెండేళ్ల కిందటే వచ్చేశాయి.

మా అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చినప్పుడు మేమూ ఈ దారే పట్టాం. నాలుగేళ్లు ఇంట్లో చదివి ఇప్పుడు యూనివర్సిటీలో ఉంది. మేం చేసిన తప్పులు తక్కువేమీ కావు. వాటి నుంచి నేర్చుకున్నది ఒక్క మాటలో చెబుతాను. ఏది కొనాలి అని అడిగే ముందు, ఈ పిల్ల చదువుకుందని నాలుగేళ్ల తర్వాత ఎవరు సాక్ష్యం చెబుతారు అని అడగాలి. దానికి జవాబు దొరికితే కొనాల్సిన పుస్తకాలూ తగ్గుతాయి, రాయాల్సిన పరీక్షలూ తగ్గుతాయి.

హోమ్‌స్కూలింగ్ అనగానే మనవాళ్లలో ఇంకా కొంత బెరుకు ఉంది. మా అత్తగారు ఫోన్‌లో అడిగిన మొదటి మాట, "బడి మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టారా బాబూ? రేపు ఎవరైనా ఏం చదివిందంటే ఏం చెప్పాలి?" ఆమె భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఇది ఎవరో నలుగురు చేసే వింత పని కాదు. అమెరికా సెన్సస్ బ్యూరో లెక్క ప్రకారం 2020 వసంతంలో 5.4 శాతం కుటుంబాలు పిల్లల్ని ఇంట్లో చదివిస్తుంటే, కోవిడ్ కారణంగా కొన్ని నెలల్లోనే అది 11.1 శాతానికి చేరింది. ఆసియా సంతతి కుటుంబాల్లో 4.9 నుంచి 8.8కి పెరిగింది. ఆ తర్వాత చాలామంది పిల్లల్ని మళ్లీ బడికి పంపారు. కొనసాగించినవారూ ఉన్నారు.

చట్టం సంగతి ముందు తెలుసుకోవాలి. ఇంటి చదువు 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే, నిబంధనలు మాత్రం ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. టెక్సస్‌లో మాకున్న స్వేచ్ఛ ఊరికే రాలేదు. డాలస్ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్ స్కూల్ డిస్ట్రిక్ట్‌ మీద లీపర్ కుటుంబం, మరికొందరు 1985లో కేసు వేశారు. 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇంటి బడిని ప్రైవేటు స్కూలుగానే చూడాలని తేల్చింది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, గణితం, పౌర బాధ్యత నేర్పితే చాలు. రాష్ట్రానికి ఏటా రిపోర్టు ఇవ్వక్కర్లేదు, పరీక్ష రాయించక్కర్లేదు. న్యూజెర్సీలోనూ ముందస్తు నోటీసు అవసరం లేదు. అదే న్యూయార్క్‌లో ఏటా ప్రణాళిక సమర్పించాలి, మూడు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలి, 7 నుంచి 12 తరగతుల వారికి ఏడాదికి 990 గంటల చదువు చూపాలి. వర్జీనియాలో ఆగస్టు 15లోగా నోటీసు ఇచ్చి, మరుసటి ఆగస్టు 1లోగా పిల్లల ప్రగతికి రుజువు పంపాలి. కాలిఫోర్నియాలో సొంతంగా చదివించేవారు అక్టోబరు 1 నుంచి 15 లోపల ప్రైవేటు స్కూల్ అఫిడవిట్ దాఖలు చేస్తారు. ఎక్కడైనా సరే, పబ్లిక్ స్కూల్లో ఉన్న పిల్లను మాన్పించేటప్పుడు రాతపూర్వకంగా తెలియజేయడం మరవద్దు. లేదంటే బడి ఎగ్గొట్టినట్టు లెక్క కడతారు.

ఇక మా కథ. నేను ఇంటర్ చదివింది విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. తెల్లవారుజామున ఐదింటికి స్టడీ అవర్, ఆదివారం పరీక్ష, సోమవారం గోడమీద ర్యాంకులు. ముప్పై ఏళ్ల తర్వాత, నాకు తెలియకుండానే ఆ కాలేజీని మా ఇంట్లో తెరిచాను. లెక్కలకు మూడు రకాల పుస్తకాలు, సైన్సుకు రెండు ఆన్‌లైన్ కోర్సులు, ఎస్ఏటీ గైడ్లు ఒక వరస కొన్నాను. గంట గంటకూ రంగులు వేసిన ఎక్సెల్ షీట్ తయారు చేశాను. ఆదివారాలు మాక్ టెస్టులు. ఆగస్టులో మొదలుపెడితే నవంబరుకల్లా అమ్మాయి మాతో మాట్లాడటం తగ్గించేసింది. ఓ రాత్రి మా ఆవిడ, "ఏవండీ, దాన్ని స్కూలు మాన్పించింది దానికోసమా, మీ ఎక్సెల్ షీట్ కోసమా?" అంది. ఆ ఇంటి బడికోసం ఉద్యోగం వదులుకున్నది తనే, నేను కాదు. ఆ మాట అనే హక్కు ఆమెకుంది.

రెండు వారాలు అన్నీ ఆపేశాం. ఆ తర్వాత ఒక్కో సబ్జెక్టుకు ఒక్కటే ఉంచాం. అప్పుడు తెలిసింది, మంచి కరిక్యులమ్ అంటూ విడిగా ఏదీ ఉండదని. ఒకే లెక్కతో గంటసేపు కుస్తీ పట్టడం ఇష్టపడే పిల్లకు ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లం సాల్వింగ్ పుస్తకాలు పండగ. అవే పుస్తకాలు ఇంకో పిల్లకు లెక్కలంటేనే విరక్తి పుట్టిస్తాయి. కొంచెం కొంచెంగా చెబుతూ పాతవి రోజూ మళ్లీ చేయించే సాక్సన్ పద్ధతి అలాంటి పిల్లలకు నప్పుతుంది. ఖాన్ అకాడమీ ఉచితమే. పక్కింటివాళ్ల అబ్బాయికి పనికొచ్చిందని సెట్టు మొత్తం కొనేయకుండా, రెండు వారాలు పిల్లతో చేయించి చూడండి. పదిహేనేళ్ల పిల్ల తన చదువు గురించి తాను చెప్పే మాట వినడం కూడా ఎంపికలో భాగమే.

మన ఇళ్లలో లెక్కలకు లోటుండదు. లోటు రాతకు, చరిత్రకు. భార్యాభర్తలిద్దరూ ఇంజినీర్లైతే రాత్రి పదింటికి కూడా ఆల్జీబ్రా దిద్దగలరు. కానీ పిల్ల రాసిన వ్యాసం ఎందుకు తేలిపోయిందో చెప్పగలరా? మాకు చేతకాలేదు. రిటైరైన ఒక ఇంగ్లిష్ టీచరు వారానికోసారి మా అమ్మాయి రాసినవి దిద్దేవారు. నాలుగేళ్లలో మేం పెట్టిన ఖర్చులో అంతగా పనికొచ్చింది మరొకటి లేదు. మనకు చేతకానిది ఏదో ఒప్పుకోవడంతోనే ఎంపిక సగం పూర్తవుతుంది.

ల్యాబ్ సైన్సు విషయంలో కమ్యూనిటీ కాలేజీలు పెద్ద అండ. మా కాలిన్ కౌంటీలో కాలిన్ కాలేజీ ఉన్నట్టే మీ దగ్గరా ఒకటి ఉంటుంది. హైస్కూలు వయసు పిల్లలు డ్యూయల్ క్రెడిట్ కింద అక్కడ క్లాసులు తీసుకోవచ్చు. టెక్సస్‌లో దానికి టీఎస్ఐ అనే అర్హత పరీక్ష ఉంటుంది. పదకొండో తరగతిలో కాలేజీ కెమిస్ట్రీ చేస్తే పిల్లకు ల్యాబ్ దొరుకుతుంది, ట్రాన్‌స్క్రిప్ట్‌పై కాలేజీ గ్రేడు పడుతుంది, సిఫార్సు లేఖ రాయడానికి మనింటివాడు కాని ఒక ప్రొఫెసర్ దొరుకుతారు. నేను మొదట అడిగిన సాక్ష్యం ఇదే. చదువూ సాక్ష్యమూ ఒకే చోట దొరికే దారి ఇంతకన్నా మంచిది నాకు కనిపించలేదు.

పరీక్షల అవసరం ఇక్కడే వస్తుంది. కామన్ యాప్‌లో హోమ్‌స్కూల్ పిల్లలకు కౌన్సెలర్ పాత్ర తల్లిదండ్రులదే. ట్రాన్‌స్క్రిప్ట్ మనమే తయారు చేయాలి, ఒక్కో కోర్సులో ఏం చదివిందో మనమే రాయాలి. అమ్మ వేసిన 'ఏ' గ్రేడును అడ్మిషన్ ఆఫీసు నమ్మాలంటే పక్కన బయటివారు ఇచ్చిన కొలత ఒకటుండాలి. టెక్సస్‌లో 1997 నుంచి క్లాసులో పైవరస ర్యాంకులున్న పిల్లలకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశమిచ్చే చట్టం ఉంది. ఇంట్లో ఒక్కతే చదివే పిల్లకు ర్యాంకు ఎక్కడిది? ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ 2025 ఫాల్ ప్రవేశాల నుంచి ఎస్ఏటీ లేదా ఏసీటీ స్కోరును మళ్లీ తప్పనిసరి చేసింది. ఎంఐటీ 2022లోనే ఆ నిర్ణయం తీసుకుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా మాత్రం ప్రవేశాలకు ఆ స్కోర్లు అసలు చూడదు. కాబట్టి పిల్ల ఎక్కడికి దరఖాస్తు చేస్తుందో పదో తరగతిలోనే ఒక జాబితా వేసుకుంటే ఏ పరీక్ష కావాలో తేలిపోతుంది.

ఎస్ఏటీని భూతంలా చూడక్కర్లేదు. 2024 నుంచి అమెరికాలో అది పూర్తిగా కంప్యూటర్ మీదే. 98 ప్రశ్నలు, 2 గంటల 14 నిమిషాలు. మొదటి భాగం ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండో భాగం కష్టం మారుతుంది. బ్లూబుక్ యాప్‌లోని నమూనా పరీక్షలు, ఖాన్ అకాడమీ పాఠాలు రెండూ ఉచితం. పదకొండో తరగతిలో రెండు మూడు నెలలు క్రమంగా చేసి ఒకసారి రాయడం, అవసరమైతే మరోసారి రాయడం చాలు. ఎనిమిదో తరగతి నుంచే కోచింగ్ పెట్టడం నా దృష్టిలో దండగ. లెక్కల భాగానికి సాధన పనికొస్తుంది. చదివి అర్థం చేసుకునే భాగం మాత్రం ఏళ్ల తరబడి పుస్తకాలు చదివితేనే వస్తుంది, మూడు నెలల క్రాష్ కోర్సుతో కాదు. ఆ గంటలు లైబ్రరీకి ఇవ్వండి.

మమ్మల్ని దెబ్బతీసింది సిలబస్ కాదు, క్యాలెండర్. ఏపీ పరీక్షలు మే నెలలో కదా అని మార్చిలో దగ్గర్లోని ఒక హైస్కూలుకు ఫోన్ చేశాను. నమోదు గడువు నవంబరులోనే అయిపోయిందని మర్యాదగా చెప్పారు. ఏడాదంతా కాలిక్యులస్ చదివిన పిల్ల పరీక్ష రాయలేకపోయింది. తప్పు పూర్తిగా నాది. ఆ రోజు తను ఏడవలేదు, "పర్లేదు నాన్నా" అంది. అది ఇంకా కష్టంగా అనిపించింది. ఇంట్లో చదివే పిల్లలు ఏపీగానీ, అక్టోబరులో జరిగే పీఎస్ఏటీగానీ వేరే స్కూలు వారు ఒప్పుకుంటేనే అక్కడ కూర్చోగలరు. పదకొండో తరగతిలో రాసే పీఎస్ఏటీయే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కు దారి. అందుకే వేసవికి ముందే రెండు మూడు స్కూళ్లను అడిగి పెట్టుకోండి. ఏపీ పరీక్ష రాయడానికి ఏపీ కోర్సు చేసి ఉండాలన్న నిబంధన లేదు. కానీ ట్రాన్‌స్క్రిప్ట్‌పై కోర్సు పేరు ముందు 'ఏపీ' అని రాయాలంటే కాలేజ్ బోర్డు ఆమోదం ఉండాలి.

మన భాష కూడా ఈ లెక్కలో చేరుతుంది. 2007 నుంచి సిలికానాంధ్ర మనబడి నడుపుతున్న తెలుగు తరగతులకు కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు భాషా క్రెడిట్ ఇస్తున్నాయి. అవాంట్ స్టాంప్ వంటి భాషా పరీక్షల జాబితాలో తెలుగూ ఉంది. ఇంట్లో అమ్మమ్మతో రోజూ మాట్లాడే పిల్ల, స్పానిష్ పుస్తకం కొనేముందు ఆ దారి ఉందేమో చూసుకోవచ్చు.

మరో ముఖ్యమైన విషయం మన వీసాలు. గ్రీన్‌కార్డు వరసలో ఉన్న కుటుంబాల్లో ఉద్యోగం పోతే పన్నెండో తరగతి మధ్యలో ఇండియాకు వెళ్లాల్సి రావచ్చు. ముంబైలో ఇంట్లో చదివిన మాళవిక జోషి అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు సాధించినా, పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేనందువల్ల ఐఐటీలో చేరే వీలు లేకపోయింది. అదే అమ్మాయికి 2016లో ఎంఐటీ సీటిచ్చింది. రెండు దేశాలు సాక్ష్యాన్ని చూసే తీరు అంత వేరు. తిరిగి వెళ్లే అవకాశం ఏ కొంచెం ఉన్నా, గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ హైస్కూలు డిప్లొమాగానీ, ఎన్ఐఓఎస్ లేదా మన రాష్ట్రాల ఓపెన్ స్కూల్ ఇంటర్‌గానీ ఎలా కుదురుతుందో తొమ్మిదో తరగతిలోనే విచారించండి. అమ్మానాన్నలు సంతకం పెట్టిన ట్రాన్‌స్క్రిప్ట్ ఒక్కదాన్నే నమ్ముకుని విమానం ఎక్కకండి.

ఇంటి చదువు అందరికీ సరిపడదు. ఒక జీతం పోతుంది, అదీ ఎక్కువగా తల్లిది. పిల్లకు స్నేహాలు మనమే వెతికి కుదర్చాలి. మంచి స్కూలు దొరికి పిల్ల సంతోషంగా ఉంటే ఈ గొడవలోకి దిగాల్సిన పనే లేదు. దిగినవారికి మాత్రం మన సంఘాలు చేయగలిగింది ఉంది. రెండేళ్లకోసారి వేలమందితో మహాసభలు జరుపుతున్నాం. వాటిలో ఒక గది, ఒక పూట ఈ కుటుంబాలకు ఇవ్వండి. ప్రతి నగరంలో ఏ స్కూళ్లు బయటి పిల్లలకు ఏపీ, పీఎస్ఏటీ రాసే వీలిస్తాయో స్థానిక తెలుగు సంఘాలు ఒక జాబితా తయారు చేసి ఏటా ఏప్రిల్‌లో సభ్యులకు పంపితే, నేను చేసిన తప్పు ఇంకొకరు చేయరు.

తల్లిదండ్రులకు చెప్పేది ఇంతే. మీ రాష్ట్ర నిబంధనలు చదవండి, గడువులు గోడ క్యాలెండర్ మీద రాసుకోండి, బయటి సాక్ష్యాలు రెండో మూడో ఎంచుకోండి. మిగిలిన సమయం పిల్లకు వదిలేయండి. మా అమ్మాయి ఆ మిగిలిన సమయంలో పెరట్లో పక్షుల లెక్క రాసేది. దేనికీ పనికిరాదని అప్పట్లో నేననుకున్నాను. ఇప్పుడు తను చదువుతున్నది జీవశాస్త్రం.