వేగానికి పగ్గం

‘గ్రాండ్ ప్రి’ అనేది ఫ్రెంచి మాట. ‘మహా బహుమానం’ అని దాని అర్థం. మోటారు కార్ల పందేలలో అత్యున్నతమైన వాటికి ఈ పేరు స్థిరపడి నూరేళ్ళు దాటింది. ఈ పందేల చరిత్రలో చిరస్మరణీయమైన ఘట్టాలు ఏవి అని అడిగితే, ఎక్కువమంది విజేతల పేర్లను, వారు సాధించిన వేగాలను ఏకరువు పెడతారు. అందులో తప్పు లేదు. కాని ఆ చరిత్రను శ్రద్ధగా పరిశీలించిన వారికి మరొక సత్యం గోచరిస్తుంది. లోకం నేటికీ తలచుకొనే ఘట్టాలలో అనేకం బండి పరుగెత్తినప్పటివి కావు. ఎవరో ఒకరు బండిని ఆపినప్పటివి. వేగాన్ని సాధించడం ఒక విద్య. ఆ వేగాన్ని ఎప్పుడు విడిచిపెట్టాలో తెలిసి ఉండడం అంతకన్న గొప్ప విద్య అని నా అభిప్రాయం.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. నన్నయభట్టారకుడు ఆంధ్రమహాభారతం అరణ్యపర్వంలో చెప్పిన నలోపాఖ్యానంలో ఒక అద్భుతమైన రథయానం ఉన్నది. బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణ మహారాజు వద్ద సారథిగా ఉన్న నలుడు, ఆయనను అయోధ్య నుండి విదర్భకు ఒక్క పగటిలో చేర్చడానికి పూనుకొంటాడు. దారిలో రాజు ఉత్తరీయం జారిపడుతుంది. రథం ఆపమని రాజు అనేసరికే అది ఎంతో దూరం వెనుకబడిపోయిందని నలుడు చెబుతాడు. అంతటి పరుగులోనూ ఒకచోట నలుడు రథాన్ని నిలుపుతాడు. చెట్టును చూచినంత మాత్రాన దాని కాయలు ఎన్నో చెప్పగలిగిన రాజు విద్య నిజమో కాదో తేల్చుకోవాలని, ఆలస్యమవుతుందని రాజు తొందరపెడుతున్నా వినక, దిగి లెక్కిస్తాడు. ఆ కొద్దిసేపటిలోనే అతనికి అక్షహృదయమనే విద్య లభిస్తుంది. అంతకాలం అతనిని పీడించిన కలి విడిచిపోతాడు. పరుగు నలుని విదర్భకు చేర్చింది. నిలకడ అతనిని కలి నుండి విడిపించింది.

తిక్కన సోమయాజి తెనిగించిన ద్రోణపర్వంలోనూ ఇటువంటి సన్నివేశమే ఉన్నది. సూర్యుడు అస్తమించేలోగా సైంధవుని వధిస్తానని ప్రతిజ్ఞ చేసిన అర్జునునికి ఆనాడు ప్రతి క్షణమూ విలువైనదే. అయినప్పటికీ, గుర్రాలు అలసిపోగా, యుద్ధభూమి నడుమ రథం నిలుస్తుంది. అర్జునుడు బాణాలతో కొలను కల్పిస్తాడు. కృష్ణుడు గుర్రాలకు నీరు పట్టి, గాయాలకు ఉపచారం చేస్తాడు. నేటి పందేలలో కారు టైర్లు మార్చుకోవడానికి ఆగే తావును ‘పిట్’ అంటారు. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ జట్టు నాలుగు టైర్లనూ కేవలం 1.80 సెకన్లలో మార్చింది. సాధనాలు మారినవే గాని సూత్రం ఒక్కటే. ఆగడం తెలియని రథం గమ్యం చేరదు.

ఈ పందేల పుట్టుకలోనే ఒక ఆగడం ఉన్నది. 1903 మే నెలలో పారిస్ నుండి మాడ్రిడ్‌కు కార్ల పందెం బయలుదేరింది. అది మామూలు రహదారుల మీద, జనం నడుమ సాగిన పందెం. దుమ్ములో దారి కానరాక, ప్రమాదాలు వరుసగా జరిగి, పోటీదారులతోపాటు చూడవచ్చినవారు కూడా మరణించారు. రెనో కార్ల సంస్థను స్థాపించిన సోదరులలో ఒకడైన మార్సెల్ రెనో ఆ పందెంలోనే గాయపడి కన్నుమూశాడు. ఫ్రెంచి ప్రభుత్వం పందేన్ని బోర్డో నగరం వద్ద నిలిపివేసింది. ఊళ్ళను కలుపుతూ సాగే రహదారి మీద పందెం తగదని, దానికి వేరుగా కట్టడి చేసిన మార్గం ఉండాలని అప్పుడు లోకానికి బోధపడింది. 1906 జూన్ 26, 27 తేదీలలో ల మాన్ నగరం వద్ద, రాకపోకలు నిలిపివేసిన మార్గంలో, మొదటి ఫ్రెంచి గ్రాండ్ ప్రి జరిగింది. హంగేరీలో పుట్టిన ఫెరెన్స్ సిస్ రెనో కారులో గెలిచాడు. ఊడదీసి మార్చగల రిమ్ములు ఉండడం వల్ల ఆయన టైర్లను త్వరగా మార్చుకోగలిగాడు. తొలి విజయంలోనే ఆగి సర్దుకొనే నేర్పుకు వాటా ఉన్నదన్నమాట.

ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మొదటి పందెం 1950 మే 13న ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో, రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానాశ్రయంలో జరిగింది. ఇటలీకి చెందిన జుసెప్పె ఫరీనా విజేత. ఆ దశాబ్దపు మహావీరుడు మాత్రం అర్జెంటీనాకు చెందిన హువాన్ మాన్యుయెల్ ఫాంజియో. 1957 ఆగస్టు 4న జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్‌లో ఆయన ట్యాంకును సగమే నింపుకొని, మధ్యలో ఆగి ఇంధనం పోయించుకోవాలని ముందే నిశ్చయించుకొన్నాడు. ఆ విరామం అనుకొన్నదానికన్న ఎక్కువసేపు పట్టింది. ముందున్న ఫెరారీ కార్లు రెండు చాలా దూరం వెళ్ళిపోయాయి. 46 ఏళ్ళ ఫాంజియో ఆ మార్గపు వేగం రికార్డును మళ్ళీ మళ్ళీ బద్దలుకొట్టి, ఆ రెంటినీ దాటి గెలిచాడు. అంత సాహసంగా మరెన్నడూ నడపబోనని ఆ తరువాత ఆయనే చెప్పుకొన్నాడు. ఆయనకు అదే చివరి గ్రాండ్ ప్రి విజయం. మరుసటి ఏడాది ఆయన పందేల నుండి విరమించుకొన్నాడు. గెలిచి, మానుకొని, ప్రాణాలతో ఇల్లు చేరినవాడు ఫాంజియో.

ఆ రోజులలో అలా ఇల్లు చేరనివారు అనేకులు. 1966లో బెల్జియంలోని స్పా వద్ద జాకీ స్టీవర్ట్ కారు వానలో అదుపుతప్పి పడిపోగా, ఆయన పెట్రోలులో తడిసి కారులోనే ఇరుక్కుపోయాడు. తోటి పోటీదారులైన గ్రాహం హిల్, బాబ్ బాండురంట్‌లే ఆయనను వెలికితీశారు. సరైన వైద్య సహాయమైనా దగ్గరలో లేదు. కోలుకొన్న స్టీవర్ట్ సీటు బెల్టుల కోసం, మంచి శిరస్త్రాణాల కోసం, రక్షణ గోడల కోసం, వైద్యుల కోసం పట్టుబట్టాడు. ధైర్యం లేనివాడని కొందరు ఎగతాళి చేశారు. ఆ ‘ధైర్యం లేనివాడు’ మూడుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. 1973లో తన జట్టువాడైన ఫ్రాన్స్వా సెవేర్ మరణించినప్పుడు, తన నూరవ పందెం కావలసినదానిని సైతం వదులుకొని స్టీవర్ట్ తప్పుకొన్నాడు.

అదే 1973లో, జులై 29న, నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో రోజర్ విలియమ్సన్ అనే యువకుని కారు తలక్రిందులై అంటుకొన్నది. అతనికి అది రెండవ గ్రాండ్ ప్రి మాత్రమే. వెనుక వస్తున్న డేవిడ్ పర్లీ తన కారును ఆపి, పరుగున పోయి, మండుతున్న కారును ఒంటరిగా ఎత్తబోయాడు. మంటలార్పే సాధనాన్ని తానే తెచ్చి ప్రయోగించాడు. అక్కడి సిబ్బందికి అగ్నిని తట్టుకొనే దుస్తులు లేవు. మిగిలిన పోటీదారులు, నిలబడి ఉన్న పర్లీయే ఆ కారు నడిపినవాడని, క్షేమంగా బయటపడ్డాడని భ్రమించి సాగిపోయారు. విలియమ్సన్ దక్కలేదు. పర్లీకి జార్జి పతకం లభించింది. ఆనాటి విజేత పేరు నేడు కొందరికే గుర్తుంటుంది. కారు ఆపినవాని పేరు చరిత్రలో నిలిచిపోయింది.

ఇక నిక్కీ లౌడా కథ. 1976 ఆగస్టు 1న న్యూర్‌బుర్గ్‌రింగ్‌లో ఆయన కారు మంటలలో చిక్కుకొన్నది. తోటి పోటీదారులు నలుగురు ఆగి ఆయనను బయటికి లాగారు. ఒళ్ళు కాలి, మృత్యుముఖం దాకా వెళ్ళిన లౌడా, 42 రోజులకే ఇటలీలోని మోంజాలో పందెంలో పాల్గొని నాలుగవ స్థానం పొందాడు. లోకం ఆ సాహసాన్ని కొనియాడింది. అంతకన్న పెద్ద సాహసం అక్టోబరు 24న జపానులోని ఫుజీలో జరిగింది. కుండపోత వానలో దారి కనబడని ఆ రోజున, కొన్ని మార్కులు చేజిక్కితే ప్రపంచ విజేత కాగల లౌడా, రెండు చుట్లు తిరిగి కారు ఆపి దిగిపోయాడు. ఒకే ఒక మార్కు తేడాతో కిరీటం జేమ్స్ హంట్‌కు దక్కింది. ఆగినవాడు అంతటితో ఓడిపోయాడా? 1977లోనూ, 1984లోనూ లౌడా మళ్ళీ ప్రపంచ విజేత అయ్యాడు. బ్రతికి ఉన్నవానికే మరొక పందెం ఉంటుంది.

1994లో ఇటలీలోని ఇమోలాలో ఏప్రిల్ 30న రోలండ్ రాట్జెన్‌బెర్గర్, మరునాడు మహాఖ్యాతి గడించిన అయర్టన్ సెన్నా మరణించారు. ముందురోజు మరణించిన మిత్రుని స్మృతికై ఎగురవేయదలచి పెట్టుకొన్న ఆస్ట్రియా జెండా సెన్నా కారులో దొరికింది. ఆ విషాదం తరువాత నియమాలు మరింత కఠినమయ్యాయి. 2018లో పోటీదారుని తల చుట్టూ ‘హేలో’ అనే దృఢమైన కమ్మీని తప్పనిసరి చేశారు. అది పందెం సొగసును చెడగొడుతుందని ఆక్షేపించిన వారిలో రొమాఁ గ్రోజాఁ ఒకడు. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో అతని కారు రక్షణ కంచెను చీల్చుకొనిపోయి భగ్గుమన్నది. సుమారు 28 సెకన్లు మంటలలో ఉండి, చేతులు కాలినా, అతడు ప్రాణాలతో బయటపడ్డాడు. తాను వద్దన్న కమ్మీయే తన తలను కాపాడిందని అంగీకరించాడు.

మన దేశానికి కూడా ఈ చరిత్రలో చోటున్నది. ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడు కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్. 2005 జూన్ 19న అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో, తమ టైర్లు ఒక మలుపులో తట్టుకోలేవని తేలినందువల్ల, 14 కార్లు పందెం మొదలుకాకముందే వైదొలగాయి. మిగిలిన ఆరింటిలో కార్తికేయన్ నాలుగవవాడుగా నిలిచి, మార్కులు సాధించిన మొదటి భారతీయుడయ్యాడు. ప్రేక్షకులు కోపించారు. కాని ఆ 14 మందిలో ఒక్కడు కూడా ఆనాడు గాయపడలేదు. ఆ తరువాత 2011 నుండి 2013 వరకు గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ మార్గంలో ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగింది. మూడుసార్లూ సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు.

తెలుగు నేల మీద ఈ సంరంభం 2023 ఫిబ్రవరి 11న కనబడింది. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన, సుమారు 2.8 కిలోమీటర్ల మార్గంలో, విద్యుత్ కార్లకు ఉద్దేశించిన ఫార్ములా ఈ పందెం జరిగింది. దేశంలో ఆ తరహా పందెం అదే మొదటిది. ఫ్రాన్సుకు చెందిన జాఁ ఎరిక్ వెర్న్ విజేత. 2024లో జరుగవలసిన రెండవ పందెం రద్దయింది. ఒక్కసారే జరిగినా అది మనకొక పాఠం మిగిల్చింది. విద్యుత్ కారులో ఉన్న శక్తి పరిమితం. దానిని పొదుపుగా వాడుకోనివాడు చివరి చుట్టులో చతికిలబడతాడు. మలుపు రాకముందే కాలు తీసి బండిని జారనిచ్చేవాడే నేర్పరి. పైగా, ఆ కార్లలో వేగం తగ్గించినప్పుడు పుట్టే విద్యుత్తు తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. నిగ్రహం శక్తిని వృథా చేయదు, సమకూర్చి పెడుతుంది అనడానికి ఇంతకన్న ప్రత్యక్ష నిదర్శనం ఏముంటుంది?

చుక్క నీటికై ఆకాశం చూచే ఈ సీమలో కార్ల పందేల ఊసెందుకని కొందరు ప్రశ్నింపవచ్చు. అది ధనికుల వినోదమన్నమాట కొంతవరకు నిజమే. కాని కారు మనకు పరాయిది కాదు. అప్పటి అనంతపురం జిల్లాలోనే పెనుకొండ సమీపాన 2019 నుండి కార్లు తయారవుతున్నాయి. పందెమూ పరాయిది కాదు. పండుగలకు, తిరునాళ్ళకు రాయలసీమ పల్లెలలో జరిగే ఎద్దుల బండలాగుడు పోటీలను ఎరుగనివారు లేరు. ఎద్దు శక్తి ఎరిగి అదిలించేవాడే అక్కడ మెప్పు పొందుతాడు. మరికొందరు, ఈ పందేలే యువకులకు దుడుకుతనం నేర్పుతున్నాయంటారు. తెర మీద వేగం మాత్రమే చూచి, దాని వెనుక ఉన్న కట్టడిని చూడనప్పుడు ఆ మాట నిజమవుతుంది. పందెపు మార్గంలో అందరూ ఒకే దిక్కుకు పోతారు. అక్కడ ఎదురు వచ్చే లారీ ఉండదు, అడ్డంగా నడిచే బర్రె ఉండదు, బడి నుండి వచ్చే పిల్ల ఉండదు. పిలుపందుకోవడానికి వైద్యుడు సిద్ధంగా ఉంటాడు.

మన రహదారి అటువంటిది కాదు. తాడిపత్రి నుండి అనంతపురం వైపు, కడప వైపు పోయే దారులలో నాపబండల లారీలు, సిమెంటు లారీలు రేయింబవళ్ళు తిరుగుతుంటాయి. వాటి నడుమ శిరస్త్రాణం లేకుండా, ఒకే మోటారు సైకిలు మీద ముగ్గురేసి దూసుకుపోయే యువకులను నిత్యం చూస్తున్నాం. కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 50,029 మంది హెల్మెట్ పెట్టుకోనివారు. కరవుకు ఓర్చి, అప్పు చేసి కొడుకును చదివించిన తల్లిదండ్రులకు ఆ లెక్కలోని ఒక్క అంకె చాలు, బ్రతుకు చీకటి కావడానికి. గంటకు 300 కిలోమీటర్లు పోగలవారు బెల్టు లేనిదే, శిరస్త్రాణం లేనిదే కారు కదిలించరు. 60 కిలోమీటర్ల వేగంలో మనకు అవి అక్కరలేదనుకోవడం శౌర్యమా, అవివేకమా?

కనుక యువతీయువకులు ఈ పందేల చరిత్రను చదవాలనే నేను కోరుతాను. చదివి, ఎవరు ఎంత వేగంగా పోయారన్నది మాత్రమే కాక, ఎవరు ఎక్కడ ఆగారన్నది కూడా గుర్తుంచుకోవాలి. మన ఊరి చింతల వెంకటరమణస్వామి ఆలయంలో గరుడ మండపాన్ని శిల్పులు రాతిరథంగా మలిచారు. శతాబ్దాలుగా అది ఉన్నచోటనే ఉన్నది. చూడవచ్చేవారే దాని దగ్గరికి వస్తున్నారు. మనుషులం అలా నిలిచి ఉండలేము, ఉండవలసిన పని కూడా లేదు. పనికి, చదువుకు, బ్రతుకుతెరువుకు మనం కదలవలసిందే. కదిలేటప్పుడు పగ్గం మన చేతిలో ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. సాయంకాలానికి ఇల్లు చేరి, గడపలో ఎదురుచూచే వారికి ముఖం చూపడమే మనలో ప్రతి ఒక్కరికీ లభించే మహా బహుమానం.