హైబ్రిడ్ కారు: లాభనష్టములు

మన జూలూరుపాడు ప్రాంతపు రైతులకు ‘హైబ్రిడ్’ అను మాట క్రొత్తది కాదు. ప్రత్తి చేలలోను, మిరప తోటలలోను వారు సంకర విత్తనములను చిరకాలముగా వాడుచున్నారు. ఆ విత్తనము వలన దిగుబడి హెచ్చును. కాని దానిని ఏటేటా వెలయిచ్చి కొనవలెను. కావున తెలిసిన రైతు రాబడితోపాటు ఖర్చును గూడ లెక్కించి గాని విత్తనము కొనడు. అదే పేరు ధరించి వచ్చిన కారును గూర్చియు మన మట్లే లెక్క చూడవలెను.

హైబ్రిడ్ కారులో పెట్రోలు ఇంజనుతోపాటు విద్యుత్తుతో తిరుగు మోటారును, బ్యాటరీయు ఉండును. ఈ యోచన నేటిది కాదు. 1900 ప్రాంతముననే ఫెర్డినాండ్ పోర్షే అను ఇంజనీరు ఇట్టి బండి నొకదానిని నిర్మించెను. 1997లో జపానులో టొయోటా సంస్థ ‘ప్రియస్’ అను కారును విక్రయమునకు తెచ్చినది. మన దేశమున 2022లో హోండా సిటీ, మారుతీ గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్ కార్లు ఈ పద్ధతిలో వెలువడిన తరువాత మధ్యతరగతి కుటుంబముల దృష్టి వీనిపై పడినది.

దీని కీలకమును తెలిసికొందము. సాధారణపు కారుకు బ్రేకు వేసినపుడు దాని గమనశక్తి వేడిగా మారి వృథాయగును. హైబ్రిడ్ కారులో ఆ శక్తిలో కొంతభాగము విద్యుత్తుగా మారి బ్యాటరీని చేరును. బండి మెల్లగా సాగునపుడు ఇంజను ఆగి, మోటారే దానిని నడుపును. అయితే పైన చెప్పిన కార్లకు ఇంటిలో విద్యుత్తు నెక్కించు వీలు లేదు. వానిలోని విద్యుత్తంతయు మూలమున పెట్రోలు నుండి వచ్చినదే.

ఇక లెక్కకు వత్తము. 2022లో ప్రకటించిన పరీక్షా ఫలితముల ప్రకారము హైబ్రిడ్ గ్రాండ్ విటారా లీటరుకు 27.97 కిలోమీటర్లు నడచును. అదే కారులో గేర్లు చేతితో మార్చు పెట్రోలు రకము 21.11 కిలోమీటర్లు నడచును. ఒక కుటుంబము ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుననుకొనుడు. మొదటి దానికి 429 లీటర్లు, రెండవ దానికి సుమారు 569 లీటర్లు పెట్రోలు పట్టును. మిగులు 140 లీటర్లు. లీటరు 107 రూపాయల చొప్పున అది ఇంచుమించు 15,000 రూపాయలు. హైబ్రిడ్ రకమునకు మూడు లక్షలు అధికముగా చెల్లించితి మనుకొన్నచో, ఆ సొమ్ము తిరిగి వచ్చుటకు ఇరువది సంవత్సరములు పట్టును! అదే సొమ్మును నూటికి ఏడు వడ్డీకి బ్యాంకులో నుంచినచో ఏడాదికి 21,000 రూపాయలు వచ్చును. అనగా పెట్రోలు వలన కలుగు మిగులు కంటె వడ్డీయే హెచ్చు.

ఐనను ఏడాదికి 40,000 కిలోమీటర్లు నడచు అద్దె కారు సంగతి వేరు. దానికి మిగులు సుమారు 50,000 రూపాయలు. ఆరేండ్లలో అధికపు వెల తీరును. నడుపు చోటును గూడ గమనింపవలెను. హైదరాబాదు కూడళ్లలో మాటిమాటికి ఆగి కదలు బండికి ఈ యంత్రము మిక్కిలి ఉపకరించును. జూలూరుపాడు నుండి కొత్తగూడెమునకు ఒకే వేగమున సాగు బండికి అంత ఉపకరింపదు.

మరి రెండు సంగతులు కలవు. ఈ కార్ల బ్యాటరీకి ఎనిమిదేండ్లు లేక 1,60,000 కిలోమీటర్ల వరకే తయారీదారుల పూచీ. అటుపై చెడినచో భారము యజమానిదే. ఊరి మెకానిక్కు ఆ హెచ్చు విద్యుత్తు గల భాగములను శిక్షణ లేక ముట్టరాదు. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్ద కార్లపై, అవి హైబ్రిడ్ రకములైనను, వస్తుసేవల పన్ను నూటికి 40. పూర్తిగా విద్యుత్తుతో నడచు కార్లపై అది 5 మాత్రమే.

“అన్నిటిని ధనముతోనే కొలువవచ్చునా? గాలి సంగతి యేమి?” అని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఒక లీటరు పెట్రోలు మండినచో సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. 140 లీటర్లు మిగిల్చినవాడు ఏడాదికి 320 కిలోల వాయువును తగ్గించినవాడగును. మన దేశము ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశముల నుండి కొనుచున్నది గనుక అది దేశమునకును మేలే. అయితే ఏబదిమందిని ఒక్కసారి కొనిపోవు ఆర్టీసీ బస్సు ఇంతకంటె గొప్ప మేలు చేయును. విద్యుత్ కారును గూడ నిర్దోషమనలేము. మన పొరుగున పాల్వంచలో విద్యుత్తు పుట్టునది బొగ్గు మంట నుండియే గదా!

కావున నా అభిప్రాయ మిది. పట్టణమున దినమంతయు తిరుగువారికి, కారే జీవనాధారమైనవారికి హైబ్రిడ్ కారు తగినది. నెలకు నాలుగుసార్లు పెండ్లికో, ఆసుపత్రికో పోవు కుటుంబమునకు అది తగదు. ముఖ్యముగా, ప్రత్తి అమ్మిన సొమ్ముకు అప్పు జోడించి, పొరుగువాడు కొనెనని తానును కొనుట మిక్కిలి ప్రమాదకరము. పంట తప్పిన ఏడు కారు కదలక వాకిట నిలిచినను వాయిదా నిలువదు. ఆ వాయిదా కొరకు పిల్లల చదువునకు దాచిన సొమ్మును తీయవలసివచ్చిన యింట, మిగిలిన పెట్రోలు ఎవరికి ఓదార్పు?

బాలబాలికలారా! మీరు పెద్దవారై ఏ యంత్రమును కొనబూనినను, దాని వెల, అది మిగుల్చునది, దానితో మీకు గల పని అను మూడింటిని కాగితముపై వ్రాసి చూచుకొనుడు. అంగడివాని మాట వినుటకు ముందే ఆ లెక్క ముగియవలెను.