నడక వచ్చింది సరే, చెయ్యి మాటేమిటి?

పక్షవాతం వచ్చిన మనిషి నాలుగడుగులు వేస్తే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తుంది. చెయ్యి సంగతి "అదే వస్తుందిలే" అని వదిలేస్తాం. మా నాన్న విషయంలో మేం చేసిందీ అదే. డిశ్చార్జి చీటీలో ఆరు మాత్రల పేర్లున్నాయి. చివర 'ఫిజియోథెరపీ' అని ఒక్క మాట. ఎక్కడ, ఎన్నాళ్లు, ఎవరు చేయించాలి? ఎవరూ చెప్పలేదు. పావురం రక్తం పూయమని చెప్పడానికి మాత్రం రోజుకొకరు వచ్చారు. పథ్యం పెడుతూ, నూనె రాస్తూ నాలుగు నెలలు గడిపేశాం. ఈలోగా వేళ్లు ముడుచుకుపోయి, గోళ్లు దిగి అరచెయ్యి పుండయింది. లేపేటప్పుడు ఆ చెయ్యే పట్టుకు లాగేవాళ్లం. భుజం జారుతుందని మాకు తెలియదు.

ఆ నెలలే అసలైనవి. అమెరికాలో 72 మందితో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో కొందరికి మామూలు చికిత్సతోపాటు 20 గంటల సాధన అదనంగా చేయించారు. రెండు, మూడు నెలల మధ్య చేసినవాళ్ల చేతికి అందరికంటే ఎక్కువ మేలు జరిగింది. ఆరు నెలలు దాటాక మొదలుపెట్టినవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆలస్యమైనవాళ్లు మానేయాలని కాదు, కొత్తగా పడ్డవాళ్ల విషయంలో ఆలస్యం చేయొద్దని మా మొర.

ఇంట్లోవాళ్లకు నేర్పిస్తే చాలదా అంటారు. మన దేశంలోనే పన్నెండు వందల మందికి పైగా రోగులతో అది చూశారు. 2017లో ఫలితం వచ్చింది: చాలదు. సాధనకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. గ్లాసు పట్టడం, గుండీ పెట్టడం, శనగలు ఏరి గిన్నెలో వేయడం, అదీ వందలసార్లు. ఏది ఎంత చేయాలో చూసి చెప్పే మనిషి కావాలి.

పక్షవాతంతో మంచం పట్టినవాళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. అది అక్కరకొచ్చే డబ్బే, తగ్గించమనడం లేదు. తొలి మూడు నెలల్లో చేతి మీద కూడా కొంత ఖర్చు పెట్టమంటున్నాం. ప్రతి పీహెచ్‌సీకీ వారానికి మూడు రోజులు ఫిజియోథెరపిస్టు రావాలి, కదల్లేనివాళ్ల ఇంటికి వెళ్లాలి. ఆ ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ భరించాలి. ఎవరి దగ్గరికి, ఏ రోజు వెళ్లాలో డిశ్చార్జి చీటీలోనే రాసివ్వాలి.

వచ్చే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నాం. మీ ఇంటి డిశ్చార్జి చీటీ జిరాక్సుతో రండి. మా నాన్న ఇప్పటికే సంతకం పెట్టారు, ఎడమ చేత్తో.